బండొచ్చే చోటు

హౌరాకి ఇవతల, రేవు పక్కనున్న మా వాట్‌గంజ్‌లో పొద్దున ఆరుంబావుకి చెత్తబండివాడు ఈల వేస్తాడు. ఆ ఈల వినబడ్డమే తడవు, మా మూడంతస్తుల్లోంచీ ఆడా మగా బకెట్లతో మెట్లమీద దొర్లుకుంటూ దిగుతారు. రేవులో ఓడ మునిగిపోతోందన్నా అంత హడావుడి ఉండదు. నేనూ దిగుతాను. దిగి, గేటు దగ్గర బకెట్టు పక్కన పెట్టి, రెండు పాదాలూ భుజాలంత ఎడంగా వేసి, మోకాళ్లు ఓ బొటనవేలంత వంచి, చేతులు కిందికి వదిలేసి నిలబడిపోతాను. బండి వస్తుంది. ఊరి చెత్తంతా ఎక్కించుకుంటుంది. వెళ్లిపోతుంది. నేనూ నా బకెట్టూ మిగులుతాం. నిన్న అందులో ఇలిష్ చేప పొలుసులున్నాయి. ఏక్‌బాల్‌పూర్ దాకా ఉన్న పిల్లులన్నీ వచ్చి మా గేటు ముందు మహాసభ పెట్టాయి.

"ఏటండీ, మళ్లీ నిలబడిపోయారా?" అని పైనుంచి మా ఆవిడ. "ఏదో ఓ రోజు ఆ బండివాడు మిమ్మల్ని కూడా ఎత్తి వేసుకుపోతాడు."

ఎత్తలేడు. నేను తొంభై రెండు కిలోలు. నాకోసం రేవు నుంచి క్రేను తెప్పించాలి.

నన్ను అలా నిలబెట్టిన మనిషి పోయి నాలుగు నెలలైంది.

ఆవిడ పేరు రాయను. మునిసిపాలిటీ హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడని పేరు అది. ఇప్పుడు బయటికి తీస్తే ఆవిడే గుర్తుపట్టదు. బెంగాలీ వాళ్లకి మాసీ. మా తెలుగు వాళ్లకి పిన్నమ్మ. మనిషి నాలుగున్నర అడుగులు. చీర చీలమండకి జానెడు పైకి కట్టేది. నడుస్తుంటే అడుగుల చప్పుడు ఉండేది కాదు. ముప్పై ఏళ్లకి పైగా ఈ ఊరి వీధులూడ్చిన పాదాలు కదా, ఎక్కడ అడుగేసినా నేల పక్కకి జరిగి చోటిచ్చేదని నా అనుమానం.

ఆవిడ దగ్గరికి నన్ను పంపింది నా పాటు. పాటంటే పడ్డం. రెండేళ్ల కింద వానాకాలంలో మా ఆఫీసు మెట్ల మీద జారాను. మాది రేవులో సరుకు దింపించే ఓ చిన్న కంపెనీ, నేనక్కడ గుమస్తాని. నేను పడ్డ చప్పుడుకి కింద గోడౌన్లో పావురాలు లేచి హౌరా దాకా ఆగకుండా ఎగిరాయి. పదిహేను రోజులు తిరక్కుండా స్నానాల గదిలో రెండోసారి పడ్డాను. డాక్టరు నన్ను ఒంటికాలి మీద నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఆయన గడియారం చూసేలోపు ఆయన బల్లమీద ఉన్నాను.

"మూడోసారి పడితే తుంటి ఎముక," అన్నాడు. "తాయ్ చీ నేర్చుకోండి."

చౌమీన్ తిన్నాక తెచ్చే పదార్థమేమో అనుకుని మొదట సంతోషించాను. వ్యాయామమని తెలిశాక మా ఆవిడతో చెప్పాను, దుఃఖంతో.

"దానికేటి, మునిసిపాలిటీ క్వార్టర్ల మైదానంలో పిన్నమ్మ నేర్పుతుందిగా," అంది.

"రోడ్లూడ్చే పిన్నమ్మా?"

"రిటైరైపోయింది. ఇప్పుడు రోడ్లు ఊడవదు. మనుషుల్ని ఊడుస్తుంది. వెళ్లండి."

నేను ఊహించుకున్నది వేరు. తెల్లగడ్డం, పట్టు చొక్కా, వెనకాల పొగమంచు. వెళ్లి చూస్తే కుళాయి పక్కన నాలుగున్నర అడుగుల మనిషి మగ్గుతో నేలమీద నీళ్లు చిలకరిస్తోంది. ఎదురుగా చేతులు కట్టుకుని ముగ్గురు ఆడవాళ్లూ, ట్రాముల్లో కండక్టరు చేసి రిటైరైన ఓ బెంగాలీ పెద్దాయనా. ఆయన్ని మేం ట్రామ్‌దా అంటాం. ఆయన ప్రతి పనికీ ముందు గడియారం చూసుకుంటాడు, తుమ్ముకి కూడా.

"నీళ్లెందుకు పిన్నమ్మా?" అన్నాను, పలకరింపుగా.

"దుమ్ములో నిలబడితే ఊపిరి అబద్దం సెప్తాది," అంది. నన్ను కిందనుంచి పైకి ఓసారి చూసింది. ఆ ప్రయాణంలో పొట్ట దగ్గర కాసేపు ఆగింది. "నిలబడు బాబూ."

నిలబడ్డాను. పదకొండు రోజులు నిలబడ్డాను. చెయ్యి ఎత్తనివ్వలేదు, కాలు కదపనివ్వలేదు. పుట్టి యాభై రెండేళ్లయింది, నిలబడటం వచ్చనే ధీమాతో బతికాను. పన్నెండో రోజున అడిగాను: "పిన్నమ్మా, నిలబడే ఉన్నాను కదా, ఇంకా ఏటి?"

"నువ్వు నిలబడ్లేదు. ఒరిగున్నావు."

"ఏటి తేడా?"

"తలుపుకి ఒరిగున్న సీపురు నిలబడినట్టేటి? తలుపు తీసీ, సూడు." అని ఒక్క చూపుడువేలు నా భుజానికి ఆనించింది. నెట్టలేదు, ఆనించింది. నేను వెళ్లి మందార పొదలో ఉన్నాను. అక్కణ్నుంచి చూస్తే ఆకాశం చాలా పెద్దదిగా కనబడింది. ట్రామ్‌దా గడియారం చూసుకుని, నేను పడిన టైము బిగ్గరగా ప్రకటించాడు.

ఆవిడకి ఆ విద్య పేరు తెలీదు, అందులో కదలికల పేర్లూ తెలీవు. తనే పెట్టుకుంది. రెండు అరచేతులూ మొహం ముందు అటూ ఇటూ మెల్లిగా జరిపితే అద్దం తుడవడం. ఒంగి చెయ్యి కిందికి తీసుకెళ్తే కాలవ పూడిక తియ్యడం. ఒక కాలెత్తి ఆగితే పిల్లిని పోనివ్వడం. "బాబూ, పిల్లింకా ఎల్లలేదు, కాలు దించీకు!" అని అరిచేది. నా కాలి కింద నుంచి ఆ పిల్లి పోవడానికి ఎంతసేపు పట్టేదంటే, మధ్యలో అది పిల్లల్ని పెట్టి పెంచి పెళ్లిళ్లు చేసి ఉండాలి.

ఆవిడ వెళ్లే తెలుగు చర్చిలో అయ్యగారికి ఈ సంగతి తెలిసి, ఓ ఆదివారం పక్కకి పిలిచి అడిగాడట, అమ్మా, అది చీనావాళ్లది కదా, అందులో వేరే దేవుడి పేరేమైనా ఉందా అని. "అయ్యగారూ, దేవుడి పేరు లేదండీ. మోకాలి పేరొక్కటే ఉంది," అందట. మరుసటి నెల నుంచి అయ్యగారు కూడా చర్చి వెనక వరండాలో పిల్లిని పోనిచ్చేవాడని చెప్పుకుంటారు. నేను చూళ్లేదు.

గురువని పిలిస్తే మాత్రం కోపం. గురుపూర్ణిమకి ట్రామ్‌దా పాపం సందేశ్ డబ్బా తెచ్చి కాళ్లకి దణ్నం పెట్టబోయాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. మొహం మాడిపోయింది. "దొంగసొత్తుకి దణ్నమేటి దాదా, లే," అంది. మాకెవరికీ అర్థం కాలేదు. సందేశ్ మాత్రం తింది. మిఠాయి చేసిన నేరమేముంది?

ఆ దొంగసొత్తు కథ నాకు తెలిసింది బండొచ్చే చోట.

మూడోసారి అద్దం తుడిచాక పిన్నమ్మ రెండు చేతులూ దించేసేది. "ఇక్కడ బండొస్తాది," అనేది. వెనక్కి తిరిగి ఎనిమిదడుగులు కుళాయి దాకా నడిచి, గోడని ఓసారి తట్టి, ఎనిమిదడుగులు తిరిగొచ్చి, కుడిచెయ్యి భుజం ఎత్తుకి తెచ్చి, చెట్టుకొమ్మని పక్కకి నెట్టినట్టు నెట్టేది. మేమూ ఆవిడ వెనకే నడిచి, గోడ తట్టి, తిరిగొచ్చి, కొమ్మని నెట్టేవాళ్లం. నాకు మొత్తం విద్యలో బాగా వచ్చింది అదొక్కటే. నడవడం. గోడ తట్టడం. అందులో నన్ను మించినవాడు చైనాలో కూడా ఉండడని రెండు నెలలు గర్వపడ్డాను. ఓ రోజు కుళాయి గట్టు మీద కూచుని టీ తాగుతుంటే అడిగాను.

"పిన్నమ్మా, ఆ గోడ తట్టడం వల్ల ఏ జబ్బు పోతుంది?"

ఆవిడ నవ్వలేదు. "ఏ జబ్బూ పోదు. అక్కడ నాకు తెల్దు బాబూ. నాకు తెలీని ముక్కది."

లాల్‌బజార్ వెనక పాత చీనాపాడాలో, అంటే చీనావాళ్ల పేటలో, ఇరవై రెండేళ్లు ఊడ్చిందట ఆవిడ. ఆ సందులో పళ్లు కట్టే చీనా ఆయన కొట్టు ఒకటి. అద్దాల బీరువా నిండా పళ్ల సెట్లు, మనిషి లేకుండా ఉత్త నవ్వులు. పొద్దున్నే ఆయన బనీనుతో బయటికొచ్చి, కొట్టు ముందు ఇదంతా చేసేవాడు.

"నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఒంగితే లేవలేకపోయీదాన్ని, నడుం. ఆయన అరవై దాటినోడు, కొంగలాగ ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఓలమ్మా, ఈ ముసలోడికి ఉన్నదేటి, నాకు లేందేటి అనుకున్నాను. ఊడుస్తా ఊడుస్తా ఓ కంట సూసీదాన్ని. సీపురు పట్టుకునే నేర్సీసాను."

"ఆయన నేర్పాడా?"

"ఆయనెందుకు నేర్పుతాడు? ఒక్కపాలీ నా ఏపు సూళ్లేదు. మాటా లేదు, తలూపడం లేదు. నా దుమ్ముకి విసుక్కునీవోడేమో, అందుకే నీళ్లు సల్లి ఊడిసీదాన్ని. నాను దొంగిలించాను బాబూ. ఒకడి ఇంటి ముందు సీపురు పట్టుకు నిలబడి, ఆడికి తెలీకుండా పట్టుకొచ్చీసాను."

"మరి గోడ?"

"అద్దం తుడిసినంతలో మూల అవతల బండోడు ఈల ఏసీవోడు. సెత్త ఎత్తడానికి ఎల్లాలి కదా, ఆ బండే ఈ గోడ. ఎల్లి, ఎత్తీసి, తిరిగొచ్చి మూల తిరిగేసరికి ఆయన సెయ్యి ఇక్కడుండీది." కుడిచెయ్యి భుజం దాకా తెచ్చింది. "అద్దం దగ్గర్నుంచి ఈ సెయ్యి దాకా మధ్యలో ఏటో ఉంది. నాను సూళ్లేదు. ఇరవై రెండేళ్లు సూళ్లేదు."

"సెలవురోజున వెళ్లి చూడాల్సింది."

ఆవిడ నన్ను, పదకొండు రోజులు నిలబడి కూడా ఏమీ నేర్చుకోని మనిషిని చూసినట్టు చూసింది. "సీపురు లేకుండా ఆ సందులోకి ఏ మొకంతో ఎల్తాను?"

తరవాత గ్లాసు కిందపెట్టి, మోకాలు రుద్దుకుంటూ అంది: "నువ్వు సొక్కా పంట్లాంలోకి దోపుకునీవోడివి. నువ్వెల్లి అడగొచ్చు. ఈ కాళ్లు నిలబడ్డన్నాళ్లలోనే ఆ ముక్క తెలిస్తే, మొత్తం ఒక్కపాలి సేసీసి ఒగ్గీస్తాను. సగం దొంగతనం ఏటికీ పనికిరాదు."

"దానిదేముంది పిన్నమ్మా," అని నేను జేబులోంచి ఫోను తీశాను. ప్రపంచంలో నాకు సాధ్యం కానిది లేదని నేను నమ్మే రెండు సందర్భాల్లో ఫోను చేతిలో ఉండటం ఒకటి. రెండోది భోజనం. పన్నెండు వీడియోలు చూపించాను. కొండమీద ఒకాయన, సముద్రం ఒడ్డున ఒకావిడ, బడిపిల్లలు వెయ్యిమంది. ఆవిడ ఓపిగ్గా అన్నీ చూసింది.

"ఈడు ఆయన కాదు," అంది ప్రతిదానికీ.

"అందరూ చేసేది ఒకటే కదా."

"అందరూ ఒకేలా ఊడుస్తారేటి? సెత్తకుప్ప సూసి ఎవులు ఊడిసారో సెప్పీగల్ను నాను."

అప్పుడే నేనొకటి కనిపెట్టాను. వీడియోల్లో వాళ్లు ఎడమచేత్తో చేసేదల్లా మేం కుడిచేత్తో చేస్తున్నాం. కుడికాలు వాళ్లది, ఎడమకాలు మాది. కొలంబస్ అంత గర్వంగా ఆ సంగతి ప్రకటించాను.

"ఎదురుగా నిలబడి సూస్తే అలాగే వస్తాది," అంది, ఏమాత్రం చలించకుండా. "ఆయన ఎనకాలకెల్లి సూడమంతావా, ఆల ఇంట్లోకి?"

ఆ చీనాపాడాకి వెళ్లి అడిగొస్తానని మాటిచ్చాను. మా వాట్‌గంజ్ నుంచి అది బస్సులో అరగంట. ఆ అరగంట ప్రయాణానికి నాకు ఏడు నెలలు పట్టింది.

వానలన్నాను. నిజంగానే వానలు, వీధిలో పడవలు తిరిగే వానలు. తరవాత పూజ పందిళ్లన్నాను, ఆ జనంలో నా పొట్ట ఒక్కటే మూడుచోట్ల ఇరుక్కుంటుంది. తరవాత ఆఫీసులో లెక్కల తనిఖీ. తరవాత జలుబు, అది కూడా నా జలుబు, మామూలు మనుషుల జలుబు కాదు. పిన్నమ్మ మళ్లీ అడగలేదు. రోజూ అద్దం తుడిచి, చేతులు దించి, "ఇక్కడ బండొస్తాది" అన్నప్పుడు మాత్రం వెనక్కి తిరిగేముందు నా వైపు ఓసారి చూసేది. రెప్ప వేసినంతసేపు. నేను మందార పొదని చూసేవాణ్ని.

జనవరిలో తొమ్మిది రోజులు ఆవిడ రాలేదు. కాళ్లు వాచాయన్నారు. ఆసుపత్రిలో పెట్టి, గుండె సరిగా కొట్టుకోవడం లేదని చెప్పి, మందులిచ్చి పంపించారట. పదో రోజున వచ్చింది, ఇద్దరు పట్టుకుంటే. కుళాయి గట్టు మీద కూచుంది. నీళ్లు మేం చల్లాం. కూచునే, మాటతో చేయించింది. అద్దం తుడిచాం. "ఇక్కడ బండొస్తాది," అంది గట్టు మీంచి. మేం ఎనిమిదడుగులు నడిచి ఆవిడ ఎదురుగా వచ్చి ఆగాం, గోడ ఆవిడ వెనకే కదా. ఆవిడ నడవలేదు. నా వైపు చూడనూ లేదు.

ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేదు. బస్సెక్కాను.

సందు దొరికింది గానీ పళ్ల కొట్టు లేదు. ఆ చోట సగంలో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. మిగతా సగంలో ఓ చీనా ఆవిడ, అరవై పైబడిన మనిషి, ఆవిరి గిన్నె ముందు స్టూలు మీద కూచుని, పొద్దుటి బేరం అయిపోగా మిగిలిన రెండు పావ్‌లని, అదే చీనా ఆవిరి రొట్టెల్ని, పట్టకారుతో అటూ ఇటూ తిప్పుతోంది. పళ్ల డాక్టరు గారని అడిగాను. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది, పళ్లు కావాలంటే పెద్దరోడ్డు మీద ఉన్నారని చెప్పింది. నా పళ్లు బాగానే ఉన్నాయనీ, ఆయన పొద్దున్నే చేసే వ్యాయామం గురించి వచ్చాననీ హిందీ, బెంగాలీ కలిపి విడమరిచాను. ఆమెకి నాలో పిచ్చి లక్షణాలు తప్ప ఏమీ కనబడలేదు.

ఇక గత్యంతరం లేదు. సంచి ఆవిడ స్టూలు పక్కన పెట్టి, ఆ సందు నడుమ, దోపుకున్న చొక్కాతో, మొదలుపెట్టాను.

రిక్షా ఒకటి ఆగింది. దాని వెనక ఇంకొకటి. నెత్తిన గంపతో ఉన్న కూలీ గంప దించి మరీ చూశాడు. ఫోన్ల కవర్ల కుర్రాడు వీడియో తియ్యడం మొదలెట్టాడు. కాలవ పూడిక తీశాను. పిల్లిని పోనిచ్చాను, నా జన్మలో మొదటిసారి అది తొక్కుడు పడకుండా పోయింది. అద్దం తుడిచాను, ఒకటి, రెండు, మూడు. చేతులు దించి ఆమె వైపు తిరిగాను.

ఆమె చేతిలో పట్టకారు లేదు. ఎప్పుడో కింద పెట్టేసింది.

"దాదా," అంది, "మా నాన్న అద్దంలో కనబడ్డట్టుంది."

"దీని తరవాత ఏం చేసేవారు? ఈ ముక్క నాకు కావాలి."

"తరవాత ఏం లేదు. నిలబడేవాడు."

"నిలబడి?"

"నిలబడేవాడు, అంతే. బండి ఈల వేసేది. ఊడ్చే దీదీ వెళ్లేది. ఆమె వచ్చేదాకా నిలబడేవాడు. చలికాలంలో కూడా, బనీనుతో. జావ చల్లారిపోతోందని అమ్మ లోపల్నుంచి అరిచేది. కదిలేవాడు కాదు. మూల అవతల ఆమె చీపురు ఈడ్చుకొచ్చే చప్పుడు వినబడేది కదా, అప్పుడు చెయ్యెత్తేవాడు." ఆమె కూడా ఎత్తింది. పిన్నమ్మ ఎత్తే చెయ్యి కాదు, రెండోది.

పక్కన ఆవిరి గిన్నెలో రెండు పావ్‌లున్న సంగతే మర్చిపోయాను. ఇది నా జీవితంలో అరుదైన సంఘటన, మా ఆవిడ నమ్మలేదు.

"ఎందుకలా అని అడగలేదా మీరు?"

"చిన్నప్పణ్నుంచీ నాన్నని ఏదీ అడిగినవాళ్లం కాదు. ఒక్కసారి అడిగాను. 'ఆమె ఇంకా రాలేదుగా' అన్నాడు."

ఆ దీదీ రిటైరయ్యాక ఏం చేసేవారని అడిగాను. ఆమె పావ్ ఒకటి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. కొత్తగా వచ్చినవాడు తల వంచుకుని ఊడ్చుకుపోయేవాడట. ముసలాయన అద్దం తుడిచి, ఈల విని, నిలబడేవాడు. కొన్నాళ్లు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత అక్కడికి ఆపి లోపలికి వచ్చేసేవాడు. పోయేదాకా మళ్లీ రెండో సగం చెయ్యలేదు.

ఈ చివరి ముక్క నేను పిన్నమ్మకి చెప్పలేదు. మిగిలిందంతా చెప్పాను. బస్సు దిగి తిన్నగా ఆవిడ గదికే వెళ్లాను. మంచం మీద కాళ్లు చాపుకుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక చేతులు ఆగాయి. నేను మామూలుగా ఏది చెప్పినా నాలుగింతలు చేసి చెప్తాను. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పాను. పెంచడానికి చోటు లేదు.

"ఆగీవోడా?" అంది.

"ఆగేవాడట."

"నా కోసమా?"

"నీ చీపురు చప్పుడు వినబడేదాకా."

చేతిలోని చిక్కుడుకాయని ఈనె తియ్యకుండానే చేటలో పడేసింది. ఆ తరవాత, నేను కలలో కూడా అనుకోలేదు, కోపం వచ్చింది. చేటని విసురుగా పక్కకి తోసింది.

"ఓలమ్మో, నాను టీ తాగొచ్చీదాన్ని కదా బాబూ! సెత్త ఎత్తీసినాక ఆ మూల మీద బల్ల మీద కూకుని, మట్టి కప్పులో, ఊదుకుంటా తాగీదాన్ని. ఆయన ఎలాగూ సేసీసుకుంటాడు, బేగెల్లి ఏటి సేస్తాను అనీసి. బండోడితో కబుర్లు! ఆడి పెళ్లాం కబుర్లు, ఆడి అత్త కబుర్లు! ముసిలి మనిషిని, సలిలో, ఇరవై రెండేళ్లు నిలబెట్టీసాను. ఒక్క మాట సెప్పొద్దా ఆయన? ఒక్కపాలి ఇటు సూడొద్దా?"

"చూసేవాడేమో పిన్నమ్మా, నువ్వు తల వంచుకున్నప్పుడు."

ముక్కు చీదుకుంది. కొంగుతో మొహమంతా ఒక్కసారి తుడుచుకుంది, అద్దం తుడిచినట్టే.

"అయితే మధ్యలో ఏటీ లేదు."

"ఏమీ లేదు."

"నిలబడ్డమే."

"నిలబడ్డమే."

చేట మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఒక చిక్కుడుకాయ తీసి, ఈనె లాగుతూ, నాతో కాదు, దాంతో అన్నట్టు అంది: "దొంగ కోసం ఎవుడూ ఆగడు కదా."

ఆ పావ్ ఇచ్చాను. సగం తుంచి నాకు పెట్టింది.

ఐదో రోజున మైదానానికి వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు. పాత చీపురు కర్ర ఊతంగా తెచ్చుకుంది. నీళ్లు తనే చల్లింది, సగం మగ్గు ఆయాసపడుతూ. మమ్మల్ని వెనక కాదు, ఎదురుగా నిలబడమంది. మొదలుపెట్టింది. కాలవ దగ్గర పూర్తిగా ఒంగలేదు, పిల్లి దగ్గర మడమే ఎత్తింది. అద్దం మాత్రం మూడుసార్లూ తుడిచింది. చేతులు దించింది.

"ఇక్కడ బండొస్తాది," అంది.

వెనక్కి తిరగలేదు. నిలబడింది.

నేను చాలామంది నిలబడటం చూశాను. రేషన్లో, బస్సులో, సాహెబు ముందు. మనిషి అలా నిలబడగా చూళ్లేదు. ట్రామ్‌దా గడియారం చూసుకోలేదు. ఆయన గడియారం చూసుకోని క్షణం అదొక్కటే నాకు తెలిసి. అవతల వీధిలో బండి ఈల వినబడింది, బకెట్ల చప్పుడు వినబడింది, బండి కదిలి వెళ్లింది. ఆవిడ నిలబడే ఉంది. ఒక మట్టి కప్పు టీ ఊదుకుంటా తాగినంతసేపు. ఆ తరవాత కుడిచెయ్యి లేచింది, భుజం దాకా, కొమ్మని పక్కకి నెట్టింది. మిగతా అంతా చేసింది. చివర్లో అరచేతులు కలిపి మాకు కాదు, మా తలల మీదుగా ఎటో దణ్నం పెట్టింది.

మూడు వారాల తరవాత ఓ మధ్యాహ్నం, భోంచేసి పడుకున్న మనిషి లేవలేదు. చర్చి అయ్యగారు ప్రార్థన చేశాడు. సమాధి దగ్గర మట్టి వేసేటప్పుడు ట్రామ్‌దా మొదట మగ్గుతో నీళ్లు చిలకరించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మైదానానికి వెళ్లాం, ఎవరూ పిలవకుండానే. ముందు ఎవరో ఒకరు నిలబడాలి. వరస గుర్తున్నవాణ్ని నేనొక్కణ్నే, వెనకవాళ్లందరికీ కనబడేంత వెడల్పు ఉన్నవాణ్నీ నేనే. నిలబడ్డాను. కాలవ పూడిక తీశాం, పిల్లిని పోనిచ్చాం, మూడుసార్లు అద్దం తుడిచాం. నా చేతులు వాటంతటవే కిందికి దిగాయి. ఆ మాట నేను అనేలోపే వెనకనుంచి ఆడవాళ్లలో ఒకామె అంది, మెల్లిగా: "ఇక్కడ బండొస్తాది."

నిలబడ్డాం.

ఈల వేసింది. బండి వచ్చింది. వెళ్లింది. వీధి సద్దుమణిగింది. ఓ కప్పు టీ అయిపోయేంతసేపయింది, రెండు కప్పులంతసేపయింది. నా తొంభై రెండు కిలోలూ ఆ రెండు పాదాల మీదే ఉన్నాయి. అయినా పడలేదు. వెనక ట్రామ్‌దా చెయ్యి సగం ఎత్తిన అలికిడి వినబడింది.

"ఏమిటి భాయ్," అన్నాడు ఆయన, "బండి వెళ్లిపోయిందిగా. కదులుదామా?"

"పిన్నమ్మ ఇంకా రాలేదుగా, దాదా," అన్నాను.

ఆయన ఎత్తిన చెయ్యి మళ్లీ దించుకున్నాడు.